ప్రాసిక్యూటర్ ఎవరి మనిషి?

(దళిత, ఆదివాసీ యువ న్యాయవాదులు, లా విద్యార్థుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

జై భీమ్.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘న్యాయవ్యవస్థ స్వతంత్రత’. చాలా పెద్ద మాట. ఆ మాట వినగానే మనకు సుప్రీంకోర్టు, కొలీజియం, సీబీఐ, ఈడీ గుర్తుకొస్తాయి. వాటి గురించి టీవీల్లో రోజూ చర్చ జరుగుతూనే ఉంది. 2013లో సుప్రీంకోర్టే సీబీఐని పంజరంలో చిలక అన్నది. ఆ చిలక గురించి మాట్లాడేవాళ్లు ఢిల్లీలో చాలామంది ఉన్నారు. నేను ఈ రోజు మన జిల్లా కోర్టులో, నల్లకోటు వేసుకుని, చంకలో ఇరవై ఫైళ్లు పెట్టుకుని తిరిగే ఒక మనిషి గురించి మాట్లాడతాను. ఆయన పేరు పబ్లిక్ ప్రాసిక్యూటర్. మనం పీపీ గారు అంటాం.

ఎందుకు ఆయన గురించి అంటే, మనవాళ్ల కేసులు చాలావరకు ఆయన చేతిలోనే బతుకుతాయి, ఆయన చేతిలోనే చస్తాయి. జడ్జి తన ముందుకు వచ్చినదాన్ని బట్టే తీర్పు రాస్తారు. ఏది ఆ జడ్జి ముందుకు రావాలో, ఏ సాక్షిని ఎప్పుడు పిలవాలో, ఏ ప్రశ్న అడగాలో, ఏ ప్రశ్న అడక్కుండా ఊరుకోవాలో నిర్ణయించేది పీపీ. అడక్కుండా ఊరుకున్న ప్రశ్నకు ఏ రికార్డూ ఉండదు. అందుకే అది అందరికంటే సుఖమైన అవినీతి.

నేను ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టుల్లో బాధితుల తరఫున తిరగడం మొదలుపెట్టిన కొత్తలో, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి కోర్టు వరండాలో నన్ను పక్కకు పిలిచి అడిగింది: ‘అయ్యా, ఆ ముందర నిలబడి మాట్లాడే ఆయన మనోడా, వాళ్లోడా?’ ఆయన మన తరఫున వాదించే ప్రభుత్వ లాయరమ్మా అని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ‘మరి నాతో ఒక్క మాటన్నా మాట్లాడలేదేంది?’ అన్నది. ఆ రోజు ఆమె సాక్ష్యం. ఆ పీపీ ఆమెను అంతకు ముందు చూడలేదు. ఫైలు ఆయన చేతికి వచ్చింది ఆ పొద్దున్నే. అదే వరండాలో నిందితుల తరఫు పెద్ద లాయరు, పీపీ కలిసి టీ తాగడం ఆమె చూసింది. లాయర్లు కలిసి టీ తాగడం తప్పు కాదు, మేమందరం తాగుతాం. కానీ ఆమె అడిగిన ప్రశ్న మాత్రం లా పుస్తకాల్లో ఉన్న ఏ ప్రశ్నకంటే చిన్నది కాదు.

చట్టం ప్రకారం క్రిమినల్ కేసు బాధితులది కాదు. ప్రభుత్వానిది. ‘స్టేట్ వర్సెస్ ఫలానా’ అని రాస్తారు. చచ్చిపోయినవాడి తల్లి అక్కడ కక్షిదారు కాదు, సాక్షి నంబరు రెండో మూడో. ఇందులో ఒక మంచి ఉద్దేశం ఉంది. పేదవాడికి జరిగిన నేరాన్ని పేదవాడే ఖర్చు పెట్టుకుని నిరూపించుకోనక్కర్లేదు, ఆ బాధ్యత రాజ్యం తీసుకుంటుంది అని. చాలా గొప్ప మాట. అయితే రాజ్యం ఎవరిది? ఊళ్లో కొట్టినవాడి బావమరిది మండలాధ్యక్షుడైతే, ఆ మండలాధ్యక్షుడు ఎమ్మెల్యే మనిషైతే, ఆ ఎమ్మెల్యే సిఫార్సు మీదే పీపీ వచ్చి ఉంటే, ‘స్టేట్’ అనే మాటకు అర్థం ఏమిటి?

పీపీని ఎలా నియమిస్తారో చూద్దాం. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 24, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 18. జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, సెషన్స్ జడ్జిని సంప్రదించి పేర్ల జాబితా తయారు చేయాలి. అందులోంచి ప్రభుత్వం ఎంచుకోవాలి. కాగితం మీద ఇంత పద్ధతిగా ఉంటుంది. ఆచరణలో ఏం జరుగుతుందో ఇక్కడ కూర్చున్న ప్రతి అడ్వకేటుకూ తెలుసు. ఎన్నికల ఫలితాలు వచ్చిన వారంలోనే బార్ అసోసియేషన్ హాల్లో ‘ఈసారి పీపీ ఎవరు, జీపీ ఎవరు’ అనే చర్చ మొదలవుతుంది. ప్రభుత్వం మారితే వీళ్లు మారిపోతారు. ఆంధ్రాలో అంతే, తెలంగాణలో అంతే, ఏ రంగు జెండా వచ్చినా అంతే. నేను చూసిన ఒక అట్రాసిటీ కేసులో ముఖ్య సాక్షి విచారణ సగంలో ఉండగా పీపీ మారారు. కొత్తాయన ఫైలు చదువుకోవడానికి వాయిదాలు అడిగారు. ఆ వాయిదాల మధ్యలో సాక్షి ఇంటికి ఎవరెవరు వెళ్లొచ్చారో నేను చెప్పనక్కర్లేదు. సాక్షి తిరిగొచ్చేసరికి ‘చీకట్లో ఎవరో కొట్టారు, నాకు కనపడలేదు’ అన్నాడు. సంఘటన జరిగింది మిట్టమధ్యాహ్నం.

ఇది కొత్త రోగం కాదు. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒకే ఒక్క సర్క్యులర్‌తో రాష్ట్రంలోని జిల్లా ప్రభుత్వ న్యాయవాదులందరినీ తీసేసింది. శ్రీలేఖ విద్యార్థి కేసు అంటారు దాన్ని. సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. ఈ పదవి ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు ఇచ్చి, ఇష్టమొచ్చినట్టు లాక్కునేది కాదు, ఇందులో ప్రజాప్రయోజనం ఉందని చెప్పింది. 2016లో పంజాబ్, హర్యానాల నుంచి వచ్చిన బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో కూడా ప్రభుత్వ లాయర్ల ఎంపికకు ఒక పారదర్శకమైన పద్ధతి ఉండాలన్నది. తీర్పులు వచ్చాయి. లా రిపోర్టుల్లో ఉన్నాయి. పైరవీలు బార్ హాల్లో ఉన్నాయి.

ఇంకొక సంగతి. బ్రిటిష్ కాలంలో, 1898 నాటి సీఆర్‌పీసీ కింద కింది కోర్టుల్లో కేసులు నడిపింది పోలీసు శాఖ వాళ్లే. పట్టుకున్నవాడే వాదించేవాడు కూడా. ఇది తప్పు, ప్రాసిక్యూషన్‌కు వేరే డైరెక్టర్ ఉండాలి అని లా కమిషన్ 1958లోనే తన 14వ నివేదికలో చెప్పింది. 1973 కోడ్‌లో ప్రాసిక్యూటర్లను పోలీసుల నుంచి విడదీశారు. అయినా కొన్ని రాష్ట్రాలు వాళ్లను పోలీసు శాఖ కిందే ఉంచాయి. 1995లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెబితే గానీ కదల్లేదు. 2005 సవరణతో సెక్షన్ 25ఏ తెచ్చి ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ పెట్టారు. బాగుంది. ఆ డైరెక్టరేట్‌ను ఎవరి కింద పెట్టారు? హోం శాఖ కింద. పోలీసులు ఎవరి కింద ఉన్నారు? హోం శాఖ కింద. గోడ కట్టారు, రెండు వైపులా గదుల తాళాలు ఒకరికే ఇచ్చారు.

పీపీ పని శిక్ష వేయించడం కాదు, న్యాయం జరిగేలా చూడటం అని మన కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. నిర్దోషి మీద కేసు ఉంటే ఆ సంగతి కోర్టుకు చెప్పాల్సిన బాధ్యత కూడా ఆయనదే. దీన్ని మనం మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఎందుకంటే తప్పుడు కేసుల్లో జైళ్లలో మగ్గేది కూడా మన పిల్లలే. దొంగతనం కేసులు, గంజాయి కేసులు, రాజద్రోహం కేసులు ఎవరి మీద పడతాయో మనకు తెలుసు. కాబట్టి మనకు కావాల్సింది మన మాట వినే ప్రాసిక్యూటర్ కాదు. ఎవరి ఫోనూ ఎత్తని ప్రాసిక్యూటర్.

ఫోను ఎత్తితే ఏమవుతుందో గుజరాత్ చూపించింది. 2002లో వడోదరలో బెస్ట్ బేకరీని తగలబెట్టి జనాన్ని చంపారు. 2003 జూన్‌లో అక్కడి కోర్టు 21 మంది నిందితులనూ వదిలేసింది. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ విచారణను పరిశీలించి, పబ్లిక్ ప్రాసిక్యూటర్ నిందితుల లాయరులా ప్రవర్తించినట్టు కనిపిస్తోందని వ్యాఖ్యానించి, కేసును మహారాష్ట్రకు మార్చింది. ముంబై కోర్టు 2006లో తొమ్మిది మందికి శిక్ష వేసింది. అదే సంఘటన. మారింది ఏమిటి? కోర్టు ఉన్న రాష్ట్రం, కేసు నడిపిన మనిషి.

ఎత్తనివాళ్లు కూడా ఉన్నారు. మాలెగావ్ పేలుళ్ల కేసులో స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా ఉన్న రోహిణి సాలియాన్ 2015 జూన్‌లో పత్రిక ముందుకొచ్చి, కేంద్రంలో ప్రభుత్వం మారాక నిందితుల పట్ల మెతగ్గా వెళ్లమని ఎన్ఐఏ అధికారి తనకు చెప్పారని ప్రకటించారు. ఎన్ఐఏ కాదన్నది. ఆమె మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు. తర్వాత ఆ కేసులో ఆమె లేరు. 2025 జులై 31న ప్రత్యేక కోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. తీర్పు మంచిచెడ్డలు వేరే చర్చ, దానికి చాలా కారణాలుంటాయి. ఒక సీనియర్ ప్రాసిక్యూటర్ అంత పెద్ద ఆరోపణ బహిరంగంగా చేస్తే, దాని మీద గట్టి స్వతంత్ర విచారణ అక్కర్లేదని వ్యవస్థ అనుకోవడం నన్ను ఎక్కువగా భయపెడుతుంది.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం.

1985 జులై 17. కారంచేడు. ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. ఆ ఊరి పెత్తందారీ కుటుంబానికి అప్పటి ముఖ్యమంత్రి ఇంటితో వియ్యం ఉంది. అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా పని చేస్తున్న మన బొజ్జా తారకం గారు ఆ పదవికి రాజీనామా చేశారు. ఈ ప్రభుత్వం తరఫున నిలబడి నేను వాదించలేను అని. ఆ రోజుల్లో ఒక దళితుడికి ఆ పదవి దక్కడమే గొప్ప. ఇంట్లోవాళ్లు, బంధువులు, స్నేహితులు ఎంతమంది ‘ఉండి సాధించవచ్చు కదా’ అని ఉంటారు! ఉండి సాధించడం అనే వాదన నాకు కొత్త కాదు, కొందరు నిజంగానే ఉండి సాధించారు కూడా. కానీ తారకం గారు ఆ కుర్చీ ఎవరిదో అందరికంటే ముందే చూశారు. చీరాల శిబిరానికి వెళ్లారు. దళిత మహాసభలో నిలబడ్డారు. కారంచేడు కేసు ఎలా ముగిసిందో కూడా గుర్తుంచుకోండి. సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చింది 2008 డిసెంబర్‌లో. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు. 23 ఏళ్లు పట్టింది.

1991 ఆగస్టు 6. చుండూరు. ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలవలో వేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు. చుండూరు దళితులు పెట్టిన డిమాండ్లు చూడండి. నష్టపరిహారం దగ్గర ఆగలేదు వాళ్లు. ప్రత్యేక కోర్టు మా ఊళ్లోనే పెట్టాలన్నారు. మేము నమ్మిన లాయరే ప్రాసిక్యూటర్‌గా ఉండాలన్నారు. చదువు పెద్దగా లేని జనం, లా కమిషన్ కంటే సూటిగా విషయం పట్టుకున్నారు. కోర్టు చుండూరులోనే పెట్టించారు. బి. చంద్రశేఖర్ గారు స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయ్యారు. ఆయన సాక్షులతో మాట్లాడారు, వాళ్లను ధైర్యంగా నిలబెట్టారు. 2007 జులై 31న తీర్పు: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 123 మంది విడుదల. లోటుపాట్లు ఉన్నా, ఊరి కోర్టులో ఊరి పెత్తందార్లకు శిక్ష పడింది.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు డివిజన్ బెంచి ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే ఇక్కడే మన వాదన ఇతరుల వాదనతో విడిపోతుంది. న్యాయం స్వతంత్రంగా ఉండాలి అనేవాళ్లలో ఎక్కువమంది మంత్రి నుంచి, పార్టీ నుంచి స్వతంత్రం అనే అర్థంలోనే అంటారు. మంత్రి ఫోను చేయకపోతే చాలు, న్యాయం దానంతటదే జరుగుతుందన్నట్టు. కీలవెణ్మణిలో 1968లో 44 మందిని గుడిసెలో పెట్టి కాల్చేస్తే 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాములను వదిలేసింది. బీహార్‌లో లక్ష్మణ్‌పూర్ బాతేలో 1997 డిసెంబర్ 1 రాత్రి 58 మందిని చంపితే, కింది కోర్టు 2010లో 26 మందికి శిక్ష వేస్తే, పాట్నా హైకోర్టు 2013 అక్టోబర్‌లో అందరినీ విడుదల చేసింది. ఈ తీర్పులకు ముందు ఎవరైనా ఫోను చేశారని నేననను. అనడానికి నా దగ్గర ఆధారం లేదు, అవసరం కూడా లేదు. దళిత సాక్షి చెప్పిన మాటలో ఆవగింజంత తేడా ఉంటే కేసంతా అబద్ధమని అనిపించే చూపు ఒకటి ఉంటుంది. ప్రాణభయంతో పారిపోయినవాడు ఫిర్యాదు ఆలస్యంగా ఎందుకిచ్చాడని ఆశ్చర్యపోయే చూపు. దానికి ఫోను అక్కర్లేదు. బాబాసాహెబ్ ఈ విషయం సైమన్ కమిషన్ ముందు నుంచి ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ దాకా చెబుతూనే వచ్చారు: చట్టం ఎంత మంచిదైనా దాన్ని అమలు చేసే యంత్రాంగం ఏ కులాల చేతుల్లో ఉందన్నది తేలకుండా అంటరానివాడికి రక్షణ లేదని. కాబట్టి మనం స్వతంత్రత అన్నప్పుడు ఎవరి నుంచి అని రెండుసార్లు అడగాలి. మంత్రి నుంచా? సరే. ఊరి నుంచో?

లక్ష్మణ్‌పూర్ బాతేలో రాజకీయం లేదని కాదు సుమా. రణవీర్ సేనకు ఏ ఏ పార్టీల నాయకులతో సంబంధాలున్నాయో తేల్చమని అప్పట్లో జస్టిస్ అమీర్ దాస్ కమిషన్ వేశారు. 2006లో, నివేదిక ఇవ్వకముందే, కొత్త ప్రభుత్వం ఆ కమిషన్‌ను రద్దు చేసింది. అంతే. ఇక ఎవరికీ ఏమీ తెలియనవసరం లేదు.

ఇప్పుడు కేసుల ఉపసంహరణకు వస్తాను. ఇది కొంచెం చేదు భాగం, ఎందుకంటే ఇందులో మన ఇల్లు కూడా ఉంది.

పాత సెక్షన్ 321, కొత్త సెక్షన్ 360. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు వెనక్కి తీసుకోవచ్చు. గమనించండి, ‘ప్రభుత్వం’ అని లేదు, ప్రాసిక్యూటర్ అని ఉంది. ఆయన తన బుర్రతో ఆలోచించి నిర్ణయించాలి. జీవో వచ్చింది కాబట్టి పిటిషన్ వేశాను అంటే కుదరదు. ఈ సూత్రాలను 1980లో రాజేందర్ కుమార్ జైన్ కేసులో వరసగా రాసినవారు మన తెలుగు జడ్జి, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఎమర్జెన్సీలో పెట్టిన బరోడా డైనమైట్ కేసును జనతా ప్రభుత్వం వచ్చాక ఎత్తేయడం సరైనదేనా అన్నది అందులో ఒక ప్రశ్న. ప్రజాప్రయోజనం కోసం, శాంతి కోసం, రాజకీయ కారణాలతో కూడా కేసు వెనక్కి తీసుకోవచ్చునని, అయితే నిర్ణయం ప్రాసిక్యూటర్‌ది, పర్యవేక్షణ కోర్టుది అని ఆ తీర్పు సారాంశం.

2000లో కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను వీరప్పన్ ఎత్తుకుపోయినప్పుడు, వీరప్పన్ అనుచరుల మీద టాడా కేసులు ఎత్తేయడానికి ప్రభుత్వాలు సిద్ధపడ్డాయి. వీరప్పన్ చేతిలో చనిపోయిన ఒక ఎస్సై తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లి ఆపించాడు. ఒక ముసలి తండ్రి! 2021 జులైలో కేరళ అసెంబ్లీ కేసు. 2015లో ప్రతిపక్షంలో ఉండగా సభలో మైకులు, కంప్యూటర్లు విరగ్గొట్టినవాళ్లు అధికారంలోకి వచ్చి తమ కేసు తామే ఎత్తేయాలని చూశారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వామపక్షం కదా అని మనం మెత్తగా మాట్లాడాల్సిన పని లేదు. ఆ మరుసటి నెలలోనే, ఎంపీలు, ఎమ్మెల్యేల మీద కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయకూడదని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ సందర్భంలోనే కోర్టుకు సహాయకుడిగా ఉన్న సీనియర్ న్యాయవాది ఇచ్చిన నివేదికలో, ముజఫర్‌నగర్ అల్లర్లకు సంబంధించిన 510 కేసుల్లో 77 కేసులను ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కారణం కూడా చెప్పకుండా వెనక్కి తీసుకున్నదని బయటపడింది.

ఇక కోనసీమ. 2022 మే 24. జిల్లాకు బాబాసాహెబ్ పేరు పెట్టవద్దని అమలాపురం తగలబెట్టారు. దళిత మంత్రి పినిపె విశ్వరూప్ ఇంటికి నిప్పు పెట్టారు. ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు కాల్చారు. పోలీసులకు దెబ్బలు తగిలాయి, బస్సులు కాలిపోయాయి. దేశమంతా చూసింది. 2023లో, ఎన్నికలు ఏడాది దూరంలో ఉండగా, సామాజిక సామరస్యం కోసం ఆ కేసులు ఎత్తేస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ఎవరితో ఎవరికి సామరస్యం? ఆ రాత్రి తలుపులు వేసుకుని పిల్లలను దగ్గరకు పొదుముకున్న మాలపేటలను, మాదిగపేటలను ఎవరు అడిగారు? ప్రతిపక్షం ఎందుకు నోరెత్తలేదు? ఓట్ల లెక్క ఇద్దరికీ ఒకటే కాబట్టి. ఇక్కడ నిందితులు, బాధితులు ఎవరన్నది పోలీసులు నిర్ణయించలేదు, కోర్టు నిర్ణయించలేదు. కుల పెద్దల సమావేశం నిర్ణయించింది.

మరి మనం? 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టాన్ని నీరుగారిస్తే ఏప్రిల్ 2న భారత్ బంద్ చేశాం. ఉత్తరాదిన దళిత యువకులు చనిపోయారు, వేలమంది మీద కేసులు పడ్డాయి. ఆ డిసెంబర్‌లో మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లో కొత్త ప్రభుత్వాలు రాగానే, ఆ కేసులు ఎత్తేయకపోతే మద్దతు గురించి ఆలోచించాల్సి వస్తుందని మాయావతి గారు హెచ్చరించారు. మనమందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, ఇప్పుడూ కొడతాను. అయితే కోనసీమ కేసులు ఎత్తేస్తే తప్పు, ఏప్రిల్ 2 కేసులు ఎత్తేస్తే ఒప్పు ఎలా అవుతుంది అని ఒక లా విద్యార్థి నన్ను సూటిగా అడిగాడు. దానికి జవాబు లేకుండా తిరగకూడదు.

నా జవాబు ఇది. రోడ్డు మీద బైఠాయించినవాడి కేసు వేరు, మనిషి లోపలున్న ఇంటికి నిప్పు పెట్టినవాడి కేసు వేరు. మొదటిదాంట్లో ఫిర్యాదుదారు రాజ్యమే, కాబట్టి రాజ్యం క్షమించవచ్చు. రెండోదాంట్లో దెబ్బతిన్న మనిషి ఉన్నాడు, ఆయన్ను అడక్కుండా క్షమించే హక్కు ప్రభుత్వానికి ఎవరిచ్చారు? ఏప్రిల్ 2 కేసుల్లో కూడా ఎక్కడైనా ఒక మనిషిని గాయపరిచిన ఆరోపణ నిజంగా ఉంటే, ఆ మనిషి మాట కోర్టు వినాల్సిందే. ఏ కులమైనా సరే. ఇది చెప్పడం మన సభల్లో అంత సులువు కాదు, కొందరు మొహం తిప్పుకుంటారు. అయినా ఈ గీత మనం గీసుకోకపోతే, రేపు అవతలివాళ్లు మన మాటనే మనకు చూపిస్తారు.

కొత్త చట్టాల మీద నాకు ఎన్నో అభ్యంతరాలున్నాయి. కానీ సెక్షన్ 360లో ఒక మంచి వాక్యం చేర్చారు: బాధితుల మాట వినకుండా కోర్టు ఉపసంహరణకు అనుమతి ఇవ్వకూడదు. పాత 321లో ఇది లేదు. ఈ వాక్యాన్ని మన జిల్లాల్లో ఎంతమంది వాడారు?

శిక్ష పడ్డాక కూడా కథ అయిపోదు. బిల్కిస్ బానో కేసులో 11 మంది దోషులను 2022 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినం నాడు, వదిలేశారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, తిరిగి జైలుకు పంపింది. అలాగే నిందితులు విడుదలైతే అప్పీలుకు వెళ్లాలా వద్దా అన్నది ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఫైలు ఏ బల్ల మీదో ఆగితే గడువు దాటిపోతుంది. దీని కోసం ఏ మంత్రీ సంతకం పెట్టక్కర్లేదు, పెట్టకుండా ఉంటే చాలు.

బాబాసాహెబ్ 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో ఒక కొత్త అధికరణ ప్రతిపాదించారు. అదే ఇప్పటి 50వ అధికరణ: న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరు చేయాలి. మొదట మూడేళ్ల గడువు పెట్టారు. చివరికి ఆ గడువు లేకుండానే అది ఆమోదం పొందింది. దేశం మొత్తానికి కింది స్థాయిలో ఆ విభజన జరగడానికి 1974లో కొత్త సీఆర్‌పీసీ అమలయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. జడ్జిని కలెక్టర్ చేతి కింద నుంచి తీశారు. ప్రాసిక్యూటర్‌ను తీయలేదు. విభజన కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇంగ్లండులో 1986 నుంచి పోలీసులతో సంబంధం లేని ప్రాసిక్యూషన్ సర్వీసు నడుస్తోంది. దానికీ లోపాలున్నాయి. కానీ మనకు ఆ చట్టాలు నేర్పినవాడే ఆ పద్ధతి వదిలేసి నలభై ఏళ్లయింది.

పెద్ద మార్పులు అసెంబ్లీల్లో, పార్లమెంటులో జరగాలి. పరీక్ష పెట్టి తీసుకునే శాశ్వత కేడర్, అందులో మన రిజర్వేషన్, హోం శాఖతో సంబంధం లేని డైరెక్టరేట్ కావాలి. దాని కోసం కొట్లాడదాం. సోమవారం కోర్టు తెరిచేసరికి మీరు ఏం చేయగలరో కూడా చెప్పాలి కదా.

అట్రాసిటీ నిబంధనలు, 1995. అందులో నాలుగో నిబంధన చదవండి. బాధితులు కోరితే, వాళ్లు నమ్మిన సీనియర్ న్యాయవాదిని కేసు నడపడానికి కలెక్టర్ నియమించవచ్చు, ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. చుండూరు జనం పోరాడి సాధించుకున్నది ఇప్పుడు నిబంధనల్లో ఉంది. దానికి కావాల్సింది ఒక దరఖాస్తు. అది ఎఫ్ఐఆర్ అయిన నెలలోనే పెట్టాలి, సాక్షులు తిరగబడ్డాక కాదు. అదే నిబంధన ప్రకారం ప్రాసిక్యూటర్ల పనితీరును ఏటా జనవరి, జులైల్లో సమీక్షించాలి. ఆ సమీక్ష నివేదిక ఇవ్వమని మీ జిల్లాలో సమాచార హక్కు కింద అడగండి. సమావేశం జరగలేదని జవాబు వస్తే ఆ జవాబే మీకు ఆయుధం. పదిహేడో నిబంధన కింద జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలి. అందులో మనవాళ్లు సభ్యులుగా ఉంటారు. దయచేసి వాళ్లు శాలువాల కోసం కాకుండా, ఏ కేసులో ఎన్నిసార్లు వాయిదా పడింది, ఎవరు అడిగితే పడింది అనే లెక్క కోసం వెళ్లాలి.

చట్టంలో సెక్షన్ 15ఏ. బెయిలు పిటిషన్ దగ్గర నుంచి ప్రతి దశలో బాధితులకు నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. 2021లో హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అన్నది. నోటీసు లేకుండా బెయిలు వచ్చిందంటే రద్దుకు వెళ్లండి. నిందితులు విడుదలైతే ప్రభుత్వం కోసం ఎదురుచూడొద్దు. 2009 చివరి నుంచి బాధితులకే అప్పీలు హక్కు ఉంది, కొత్త సంహితలో అది సెక్షన్ 413. అట్రాసిటీ కేసుల్లో సెక్షన్ 14ఏ కూడా కలిపి చూసుకోండి. తీర్పు సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టండి.

మిర్యాలగూడ కులదురహంకార హత్య కేసు చూశారు కదా. 2018 సెప్టెంబర్‌లో హత్య, 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు తీర్పు. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. ఉరిశిక్ష మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం. డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ల మీద ఏడేళ్లు సాక్ష్యం నిలబడటమన్నది మాత్రం సామాన్యమైన సంగతి కాదు. ఆ కేసు ఫైలు సంపాదించి చదవండి. ఛార్జిషీటు ఎలా రాశారు, సాక్షులను ఏ వరసలో పెట్టారు, ఎక్కడ పట్టు సడలకుండా చూశారు. మనం ఓడిపోయిన కేసులే ఎక్కువ చదువుతాం, గెలిచినవి కూడా చదవాలి.

నాలుగో నిబంధన కింద కలెక్టర్‌కు పెట్టాల్సిన దరఖాస్తు, సెక్షన్ 360 కింద కోర్టులో వేయాల్సిన అభ్యంతర పిటిషన్, బెయిలు నోటీసు కోసం మెమో, మూడింటి నమూనాలు తెలుగులో టైపు చేయించి వెనక బల్ల మీద పెట్టాను. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ముందు తీసుకోండి. కాపీలు తక్కువ పడితే ఫోనులో ఫొటో తీసుకోండి. భోజనాలకు ఇంకా అరగంట ఉంది, ఎవరి కేసుల గురించి వాళ్లు అడగవచ్చు. ఎఫ్ఐఆర్ నంబరు, కోర్టు పేరు, పీపీ ఎవరో ఒక కాగితం మీద రాసి తీసుకురండి.

జై భీమ్.